నెహ్రూను మించిన ఓట్ల కథలో రెండో పేరు

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో పొద్దున చాయ్ తాగేవాళ్ళ ముచ్చట ఎక్కడ మొదలైనా ఏదో ఒక పూట ఒకచోటికే వచ్చి ఆగుతుంది. ఎవరో ఒకరు గ్లాసు కింద పెట్టి, "మన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డయి, ఎరుకేనా?" అంటారు. ఎరుక లేనివాళ్ళు అక్కడ ఉండరు. అయినా కొత్తగా విన్నట్టే అందరూ తలూపుతారు. నేనూ చిన్నప్పటి నుంచి ఊపుతూనే వచ్చాను.

మాట నిజమే. 1952లో ముగిసిన మొదటి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ నుంచి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున నిలబడ్డ రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. ప్రధానమంత్రి నెహ్రూకు తన నియోజకవర్గంలో పడినవి 2,33,571. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద అప్పటికి నిషేధం ఉంది, అందుకే పీడీఎఫ్ పేరుతో పోటీ చేశారు. సాయుధ పోరాటం విరమించి కొన్ని నెలలే అయింది. జైళ్ళు, అజ్ఞాతవాసం, కాల్పులు చూసిన జిల్లా తన మాటను పెట్టెల్లో వేసి చెప్పింది. గర్వపడే సంగతే.

ఆ ఫలితాల పట్టికను నేను కుదురుగా చూసింది మాత్రం నలభై దాటాకే. నల్లగొండ ఎదురుగా గెలిచినవాళ్ళు ఇద్దరు కనిపించారు. అచ్చు తప్పేమో అనుకున్నాను. కాదు. రెండో పేరు సుంకం అచ్చాలు. అదే నియోజకవర్గం, అదే పార్టీ, అదే ఎన్నిక. షెడ్యూల్డు కులాలకు కేటాయించిన సీటులో గెలిచి, రావి నారాయణరెడ్డితో పాటే మొదటి లోక్‌సభలో కూర్చున్న మనిషి.

నలభై ఏళ్ళు నల్లగొండవాడినని చెప్పుకుని తిరిగినా ఆ పేరు ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. బడిలో చదువుకునే రోజుల్లో ఒక క్విజ్ పోటీలో "1952లో నల్లగొండ ఎంపీ ఎవరు?" అని అడిగితే నేను టక్కున చెప్పి పెన్ను బహుమతి గెలుచుకున్నాను. ఇప్పుడు లెక్కేస్తే అది సగం జవాబు. ప్రశ్న అడిగిన సారుకూ మిగతా సగం తెలియదు కాబట్టి పెన్ను నాకు దక్కింది.

అప్పటి పద్ధతి ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది. 1952లో దేశంలో చాలాచోట్ల ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు ఉండేవి. ఒకటి జనరల్ సీటు, ఒకటి రిజర్వుడు సీటు, రెండింటికీ ఓటర్లు అందరూ కలిసే ఓటు వేయాలి. ఒక్కొక్కరికి రెండు ఓట్లు. అభ్యర్థికి ఒక పెట్టె చొప్పున పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించేవాళ్ళు. ఓటరు తన కాగితాలను నచ్చిన ఇద్దరి పెట్టెల్లో ఒక్కొక్కటిగా వేయాలి. రెండూ ఒకరికే వేస్తే ఒక్కటే చెల్లుతుంది. అంటే రావి నారాయణరెడ్డికి ఓటు వేసిన మనిషి చేతిలో ఇంకో కాగితం ఉంది. మనం మొదటి కాగితం కథను డెబ్బై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం. రెండో కాగితం ఎటు పోయిందని అడగలేదు.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. ఓటరుకు రెండు ఓట్లు ఉన్నచోట పడిన లెక్కను నెహ్రూ లెక్కతో పోల్చవచ్చా అని. పోల్చవచ్చు. నెహ్రూ నిలబడిన అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పశ్చిమ నియోజకవర్గం కూడా ఇద్దరు సభ్యులదే. అక్కడ ఆయనతో పాటు గెలిచిన దళిత నాయకుడు మసూరియా దీన్. ఆ పేరు అలహాబాద్ చాయ్ దుకాణాల్లో ఎంతమందికి తెలుసో మరి. రెండుచోట్లా పక్క సీటు మనిషి కథలోంచి జారిపోయాడు. ఒకచోట ప్రధానమంత్రి నీడ పడింది, మరోచోట ప్రధానమంత్రిని మించిన మనిషి నీడ పడింది.

"రిజర్వుడు సీటు కదా, అది రెండోది" అనేవాళ్ళకు చట్టం ఏం చెప్పిందో చూపించాలి. 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం ఇద్దరు సభ్యుల నియోజకవర్గంలో మొదట ప్రకటించాల్సింది రిజర్వుడు సీటు ఫలితాన్నే. ఆ సీటుకు అర్హత ఉన్నవాళ్ళలో ఎక్కువ ఓట్లు ఎవరికి వచ్చాయో చూసి వాళ్ళు గెలిచారని చెప్పాలి. ఆ తర్వాత మిగిలినవాళ్ళందరిలో ఎవరు ముందున్నారో వాళ్ళకు రెండో సీటు. ఆ మిగిలినవాళ్ళలో రిజర్వుడు వర్గానికి చెందినవాళ్ళు ముందుంటే జనరల్ సీటు కూడా వాళ్ళదే. 1957లో పార్వతీపురంలో అదే జరిగింది. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి అక్కడ ఓడిపోయారు, రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులే గెలిచారు. ఆయన కోర్టుకు వెళ్ళారు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా ఫలితం మారలేదు. 1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే ఎత్తేసింది. ఈ రెండు సంగతులకూ సంబంధం ఏమిటో ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు.

చట్టం ముందు పెట్టిన పేరును మన జ్ఞాపకం వెనక్కి నెట్టి, చివరికి తీసేసింది. ఇందులో రావి నారాయణరెడ్డి తప్పేమీ లేదు. హరిజన సేవక సంఘంలో పనిచేసిన మనిషి ఆయన, సొంత భూమి పంచిన మనిషి. ఆయన కూర్చున్న చాయ్ బల్ల దగ్గర ఎవరైనా ఈ ముచ్చట తీస్తే అచ్చాలు పేరు ముందు ఆయనే చెప్పి ఉండేవారని నా నమ్మకం. మరిచిపోయింది మనమే.

మరుగున పడిన చరిత్ర అనగానే ఆధారాలు లేవు, కాగితాలు కాలిపోయాయి, చెదలు తినేశాయి అంటాం. కొన్నిచోట్ల అది నిజమే. కానీ మన దక్షిణ తెలంగాణ జిల్లాల్లో నేను చూసిన చాలా సంగతుల్లో కాగితం ఉంది, శాసనం ఉంది, అందులో పేరు కూడా ఉంది. చదివేవాళ్ళు మొదటి వరుసలోనే ఆగిపోయారు.

పోచంపల్లి సంగతే తీసుకుందాం. అప్పుడది నల్లగొండ జిల్లాలోనిదే. 1951 ఏప్రిల్ 18. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకుని వినోబా భావే నడుచుకుంటూ ఆ ఊరు వచ్చారు. దళితవాడకు వెళ్ళి మీకేం కావాలని అడిగారు. నలభై కుటుంబాలవాళ్ళు భూమి కావాలన్నారు. ఎంత అంటే లెక్క కూడా చెప్పారు: ఎనభై ఎకరాలు, సగం తరి, సగం మెట్ట. ఆ మాటకు వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది, దేశమంతా పాకింది, ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది.

ఇచ్చినాయన పేరు ఎవరిని అడిగినా చెబుతారు. చెప్పాలి కూడా. అడిగిందాని కంటే ఇరవై ఎకరాలు ఎక్కువ ఇస్తానన్న మనిషి మరి. అడిగినవాళ్ళు మాత్రం అన్ని పుస్తకాల్లోనూ "నలభై కుటుంబాలు"గానే ఉండిపోయారు. ఒక అంకె. ఆ ఎనభై ఎకరాల లెక్క ఎవరు కట్టారు? నలభై ఇళ్ళకు తలా రెండెకరాలు, అందులో ఒకటి తరి అయితేనే బతుకు గడుస్తుందని ఆ క్షణంలో తడుముకోకుండా చెప్పిందెవరు? వ్యవసాయం క్షుణ్ణంగా తెలిసినవాళ్ళే చెప్పగల లెక్క అది. గాలిలోంచి రాలేదు.

ఆ అడగడం ఎలాంటి రోజుల్లో జరిగిందో కూడా గుర్తుంచుకోవాలి. జిల్లాలో సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది, విరమణ ప్రకటన వచ్చింది అదే ఏడాది అక్టోబర్‌లో. పది లక్షల ఎకరాలు పంచామని పార్టీ చెప్పుకున్న కాలం. సైన్యం వచ్చాక పంచిన భూములు చాలాచోట్ల మళ్ళీ పాత చేతుల్లోకి పోతున్న కాలం కూడా అదే. భూమి మాట ఎత్తితే కమ్యూనిస్టు అని ముద్ర వేసే రోజుల్లో, ఊరి పెద్దలందరూ వింటుండగా, "మాకు ఇంత భూమి కావాలి" అని అంకెతో సహా చెప్పడానికి గుండె కావాలి. దాన్ని మనం "దానం" అనే మాట కింద పూడ్చిపెట్టాం. దానం అన్నాక ఇచ్చినవాడే కర్త అవుతాడు, అవతలివాడు చెయ్యి చాపినవాడిగా మిగులుతాడు. ఆ రోజు పోచంపల్లిలో మొదట నోరు విప్పింది అవతలివాళ్ళు. ఇప్పుడు పోచంపల్లి అంటే పట్టుచీర గుర్తొస్తుంది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దాన్ని ఎంచింది. చూడడానికి వచ్చేవాళ్ళకు వినోబా విడిది కనిపిస్తుంది. ఆ నలభై ఇళ్ళు ఎక్కడుండేవని అడిగితే చెప్పే బోర్డు నాకైతే కనబడలేదు.

ఇక పాలమూరు వైపు పోదాం. బెంగుళూరు హైవే మీద భూత్పూర్ దగ్గర మహబూబ్‌నగర్‌కు, నాగర్‌కర్నూల్‌కు దారులు చీలతాయి. బస్సు కోసం నిలబడేవాళ్ళు, మిర్చీ బజ్జీ తినేవాళ్ళు, టైర్ల దుకాణాలు. ఈ భూత్పూరే శాసనాల్లోని బుద్ధపురం. రంగనాథ రామాయణం రాసినట్టు చెప్పే గోన బుద్ధారెడ్డి పేరు మీద ఏర్పడిన ఊరు. ఆయన కూతురు కుప్పాంబిక. ఆమెను మల్యాల గుండ దండాధీశునికి ఇచ్చారు. కాకతీయుల సామంతుల ఇళ్ళు అవి. భర్త చనిపోయాక ఆయన పేరు మీద గుండేశ్వరాలయం కట్టించి 1276లో శాసనం వేయించింది కుప్పాంబిక.

తెలుగులో తొలి కవయిత్రి ఎవరని అడిగితే పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పేరు తాళ్ళపాక తిమ్మక్క. పదిహేనో శతాబ్దం. కుప్పాంబిక అంతకు సుమారు రెండు వందల ఏళ్ళ ముందటి మనిషి. ఆమె కవిత్వం రాసిందని, తొలి కవయిత్రి ఆమేనని వాదించే సాహిత్య చరిత్రకారులు ఉన్నారు. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. మిగిలింది చాలా కొంచెం కాబట్టి వాదన తేలదు. నాకు ఆ పోటీ మీద పెద్ద ఆసక్తి లేదు. తొలి, మొదటి, అందరికంటే ఎక్కువ అంటూ కొలతలు పెట్టుకునే కదా మనం రెండో పేర్లన్నీ పారేసుకుంది. తండ్రి పేరు ఊరికి, భర్త పేరు గుడికి పెట్టిన చోట తన పేరుతో శాసనం వేయించిన స్త్రీ మన జిల్లాల్లో ఏడు వందల యాభై ఏళ్ళ కింద ఉంది. భూత్పూర్ చౌరస్తాలో బస్సు కోసం అరగంట నిలబడే మనిషికి ఆ సంగతి చెప్పేవాళ్ళు ఉంటే చాలు.

పాలమూరు అనగానే బయటివాళ్ళకు రాళ్ళూ శాసనాలూ గుర్తుకు రావు. లేబర్ గుర్తొస్తుంది. "పాలమూరు లేబర్" అనే మాట దేశమంతా కాంట్రాక్టర్ల నోట నలిగింది. గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వస్తాడు, ఇంటికింత అని అడ్వాన్సు ఇస్తాడు, పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలేసి ఆలుమగలు పారా తట్టా పట్టుకుని లారీ ఎక్కుతారు. ఎక్కడికి పోతున్నారో చాలాసార్లు దిగేదాకా తెలియదు. డ్యామో, కాలువో, రోడ్డో, ఏదైనా మట్టి పనే. అడ్వాన్సు తీరేదాకా తిరిగి రావడం ఉండదు. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు ముంబై బస్సు ఎక్కని ఇల్లు వెతికితే గాని దొరకని కాలం ఒకటుండేది. ఇప్పుడు నీళ్ళు వచ్చిన ఊళ్ళలో అది కొంత తగ్గింది, అన్నిచోట్లా తగ్గలేదు.

ఇది నిన్నా మొన్నటి కథ అనుకుంటే పొరపాటు. ముంబైలో కామాటిపురా అనే పేట ఉంది. ఆ పేరు వినగానే జనం ముఖాలు పక్కకు తిప్పుకుంటారు, అక్కడి రెడ్‌లైట్ వీధుల వల్ల. కానీ కామాటి అంటే కూలి మనిషి. నిజాం ఇలాకా నుంచి ఇళ్ళూ రోడ్లూ కట్టే పనికి పోయిన తెలుగు కూలీలు గుడిసెలు వేసుకున్న చోటు కాబట్టి దానికి ఆ పేరు. బొంబాయి నగరం లేస్తున్నప్పుడు మట్టి మోసినవాళ్ళ పేరు ఆ నగరం పటంలో నిలిచింది, అదీ పేరు చెడిపోయి. మహానగరం కట్టినందుకు మనవాళ్ళకు దక్కిన గుర్తింపు ఒక పేట. ఆ మాట తెలుగువాళ్ళదని ఇక్కడి తెలుగువాళ్ళకే చాలామందికి తెలియదు.

నాగార్జునసాగర్ దగ్గరికి వస్తే లెక్క ఇంకా తేటగా కనిపిస్తుంది. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ పునాది రాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఈ రెండు తేదీలూ పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంటాయి. మధ్యలో పన్నెండేళ్ళు ఉన్నాయి. సాగర్ కాంక్రీటు పోసి కట్టిన డ్యామ్ కాదు, రాతి కట్టడం. దాదాపు 125 మీటర్ల ఎత్తు దాకా మనుషులు రాయి మీద రాయి పేర్చి కట్టింది. రాయి కొట్టినవాళ్ళు, మోసినవాళ్ళు, సున్నమూ సిమెంటూ కలిపినవాళ్ళు, ఆ ఎండలో కొండ మీద పిల్లలకు పాలిచ్చినవాళ్ళు, కట్టు మీది నుంచి జారిపడినవాళ్ళు. మంత్రుల పేర్లు చెక్కిన రాళ్ళు చాలా ఉన్నాయి. కూలీల మస్టర్ రోల్స్ ఎక్కడైనా మూటగట్టి ఉంటే అదే నా దృష్టిలో సాగర్ అసలు చరిత్ర పుస్తకం. వేతనం ఇచ్చిన ప్రతి మనిషి పేరూ అందులో రాయాల్సిందే, ఎదురుగా వేలిముద్ర పడాల్సిందే. ప్రభుత్వం తన ఖర్చు లెక్క కోసం రాసుకున్న కాగితం అది, జనం కోసం రాసింది కాదు. అయినా మామూలు మనిషి పేరు రాతలోకి ఎక్కింది అలాంటి చోట్లే. కూలి లెక్కలో, శిస్తు లెక్కలో, పోలీసు రికార్డులో.

శ్రీశైలం ప్రాజెక్టు కథ ఇంకో రకం. అక్కడ మునిగినవాళ్ళు మనవాళ్ళు. కృష్ణ ఒడ్డున కొల్లాపూర్ నుంచి అలంపూర్ దాకా, అవతల కర్నూలు వైపు కలిపి వందకు పైగా ఊళ్ళు నీళ్ళలో పోయాయి. 1981లో ఇళ్ళు కూల్చి ఖాళీ చేయించారు. అదే సమయంలో ప్రభుత్వం ఒక మంచి పని కూడా చేసింది. మునిగిపోయే గుళ్ళను విప్పి ఎత్తైన చోటికి తరలించింది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోటున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఏ రాయికి ఆ రాయి విప్పి అలంపూర్‌కు తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే తరలించారు. రాళ్ళకు నంబర్లు వేసి, ఏది ఎక్కడ కూర్చోవాలో చూసుకుని పేర్చితేనే ఇంత పని అవుతుంది. చాళుక్యుల శిల్పం దక్కింది, సంతోషం. వెళ్ళి చూడని వాళ్ళు తప్పక చూడాలి.

అంత శ్రద్ధ మనుషుల మీద పెట్టలేదు. నంబరు వేసిన రాయి తన పక్క రాయిని మళ్ళీ చేరుకుంది. పక్కపక్క ఇళ్ళ మనుషులు తలో దిక్కుకూ పోయారు. ఒక వాడ ఒకచోట, ఒక వాడ మరోచోట. నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాలు ఇస్తామంటూ 1986లో వచ్చిన జీవో 98 అనే కాగితాన్ని పట్టుకుని కొడుకుల కాలం పోయి మనవల కాలం వచ్చింది. ఆ ప్రాంతంలో "తొంభై ఎనిమిది" అంటే చాలు, ఏమిటని ఎవరూ అడగరు.

కొల్లాపూర్ దగ్గర ఒక ముసలమ్మను "మీదే ఊరమ్మా?" అని అడిగాను. "మునిగింది బిడ్డా" అంది. ఊరి పేరు అడిగితే ఊరి పేరు చెప్పలేదు, జరిగింది చెప్పింది. రెండోసారి అడిగితే అప్పుడు పేరు చెప్పి, ఎండాకాలం నీళ్ళు తగ్గితే గోడలు తేలుతాయని, పోయి మొక్కి వస్తామని చెప్పింది. ఆ అమ్మ లెక్కలో ఊరు ఇంకా ఉంది, ఏటా కొన్ని రోజులు.

ఇలా పేర్లు జారిపోయే చోట, పేర్లు పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషి కూడా పాలమూరులోనే పుట్టారు. అలంపూర్ ప్రాంతం ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అని ఒక పండితుడు రాస్తే, ఆయన కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. కవులారా, మీ పద్యాలు పంపండని ఊరూరికీ పిలుపు ఇచ్చి, వచ్చినవి కూర్చి 1934లో గోల్కొండ కవుల సంచిక అచ్చు వేశారు. 354 మంది కవులు. పేరున్నవాళ్ళు, లేనివాళ్ళు, కవయిత్రులు, అందరూ ఒకే అట్టల మధ్య. మంచి పద్యమో కాదో తర్వాత చూసుకోవచ్చు, ముందు మనిషి ఉన్నాడని రాయాలి అన్న పద్ధతి అది. జనాభా లెక్కలవాడి ఓపిక ఉండాలి దానికి. తర్వాత 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు కూడా రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, కావ్యాల్లోంచి జనం తిండి, బట్ట, ఆటలు, మొక్కులు ఏరుకున్నారు. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

ఈ మధ్య తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రెండూ సరైనవే. కానీ బోర్డు మార్చడం ఒక్క రోజు పని. సురవరం చేసిన పని అలాంటిది కాదు. ఇప్పుడు మనకు కావాల్సింది ఆయన చేసిన లాంటి పనే, మండలానికి ఒక మనిషి కూర్చుని మునిగిన ఊళ్ళ పేర్లు, వలస పోయిన గుంపుల పేర్లు, పోరాటంలో దళాలకు వండిపెట్టిన ఆడవాళ్ళ పేర్లు రాసుకునే పని. 1980ల్లో స్త్రీ శక్తి సంఘటన సభ్యులు పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ పోయి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసుకున్నారు. వాళ్ళు కదలకపోయి ఉంటే ఆ గొంతుల్లో చాలా వాటిని మనం వినేవాళ్ళమే కాదు. నలభై ఏళ్ళు గడిచాయి. ఆ పని మళ్ళీ అంత ఓపికగా ఎవరూ చేసినట్టు కనిపించదు.

సురవరం జాబితాలోనూ ఒక ఖాళీ ఉంది, దాచి లాభం లేదు. రాయగలిగినవాళ్ళే అందులో ఉన్నారు. నవాబుపేట వైపు మెరుగోనిపల్లి పండుగ సాయన్న కథను పాడి పాడి నిలబెట్టిన గాయకులు ఏ సంచికలోకీ ఎక్కలేదు. పటేళ్ళ ఇళ్ళు కొల్లగొట్టి పేదలకు పంచాడని జనం చెప్పుకునే మనిషి సాయన్న. నిజాం పోలీసుల లెక్కలో దొంగ. పాట లేకపోతే పోలీసుల మాటే మిగిలేది. ఆ పాటను జానపద సాహిత్యంగా గుర్తించి సేకరించినవాళ్ళలో బిరుదురాజు రామరాజు ఉన్నారు. పాడినవాళ్ళ పేర్లు మాత్రం పాటలోనే కరిగిపోయాయి.

ఇప్పుడు సాయన్నకు కొత్త వెలుగు వచ్చింది. యూట్యూబ్‌లో "ఎవరికీ తెలియని వీరుడు" అని పెద్ద అక్షరాలతో వీడియోలు, కింద "పాలమూరు రాబిన్‌హుడ్" అని బిరుదు. పాలమూరు ముదిరాజ్ బిడ్డకు ఇంగ్లండ్ అడవిలోని దొంగ పేరు అరువు తేవడం ఏం ఖర్మ అనిపిస్తుంది నాకు. అంతకంటే ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. మరుగున పడిన మనిషిని బయటికి తెస్తున్నామంటూ మళ్ళీ ఒక్క వీరుడినే నిలబెడుతున్నాం. కులానికొక వీరుడు, వీరుడికొక విగ్రహం, విగ్రహానికొక చౌరస్తా. సాయన్న వెంట నడిచినవాళ్ళు, అతన్ని దాచి అన్నం పెట్టిన ఇళ్ళు, మళ్ళీ రెండో పేర్లే. పాత అలవాటు కొత్త బట్టలు వేసుకుంది, అంతే.

సుంకం అచ్చాలు గురించి కూడా రేపు ఎవరైనా విగ్రహం అడగవచ్చు. పెడితే పెట్టనీ. నేనైతే ముందు క్లాక్ టవర్ దగ్గర ఆ ముచ్చట వచ్చినప్పుడు రెండు పేర్లూ చెప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి చెప్పినప్పుడు ఒక పెద్దాయన కళ్ళు చిట్లించి, "గా పేరు మా నాయన అంటుండె, ఎవరో అనుకున్న" అన్నాడు. ఇంకొకాయన నమ్మలేదు. "ఒక్క ఊరికి ఇద్దరు ఎంపీలేంది సార్, ఎక్కడుంది రాసి?" అన్నాడు.

ఫోన్‌లో మొదటి లోక్‌సభ సభ్యుల పట్టిక తెరిచి ఆయన చేతికిచ్చాను. అది ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఉంటుంది. పేరులో చివరి మాటను ముందు పెట్టి రాసిన పట్టికలో "రెడ్డి, రావి నారాయణ" దగ్గరికి పోవాలంటే వేలితో చాలాసేపు కిందికి జరపాలి. ఆయన జరపబోయాడు. ఆగమన్నాను. అచ్చాలు పేరు ఇంగ్లిష్ 'A' అక్షరంతో మొదలవుతుంది కాబట్టి, పట్టిక తెరవగానే పైనే ఉంది.